తప్పిన కీడుకు కర్త ఎవరు?

అవార్డు దరఖాస్తు మీద సంతకం పెట్టమంటే మా టీచరమ్మ పెట్టనన్నారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని నాలుగు పేజీలూ ఓపిగ్గా తిరగేశారు. "నేను చేసేదాన్ని అడిగే కాలమ్ ఇందులో ఒక్కటీ లేదమ్మాయ్. ఉన్న కాలమ్‌లలో రాయడానికి నేను చేసింది ఏమీ లేదు" అని కాగితాలు మళ్లీ నా చేతిలోనే పెట్టి, డెలివరీ కిట్లు లెక్క చూసుకోవడానికి వెళ్లిపోయారు.

టీచరమ్మ అన్నది మేం పెట్టుకున్న పేరు. హోదాకు ఆవిడ హెడ్ నర్సు. కోస్తాలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి మాది. నేనూ ఇప్పుడు అదే హోదాలో ఉన్నాను గానీ వయసులో బాగా చిన్నదాన్ని. ట్యూటర్ పోస్టులు నర్సింగ్ స్కూలుకు ఉంటాయి, మా వార్డులకు లేవు. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు పని నేర్పమని ఆవిడకు ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, ఇంక్రిమెంటు మాట సరేసరి. మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఇంటికి పోకుండా అరగంటో గంటో ఆగుతారు. ఆ ఆగడమే మా ఆసుపత్రికి ఉన్న శిక్షణ విభాగం. నేనూ ఆ అరగంటల్లో తయారైనదాన్నే. తెలుగు కాస్త కుదురుగా రాస్తానని పేరుండబట్టి దరఖాస్తు నింపే పని సూపరింటెండెంట్ మేడమ్ నాకు అప్పజెప్పారు.

మన దేశంలో నర్సులకు జాతీయ ఫ్లారెన్స్ నైటింగేల్ అవార్డు 1973 నుంచి ఉంది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వాళ్లిచ్చే నైటింగేల్ పతకం ఇంకా పాతది, 1912లో ఏర్పాటు చేసి 1920లో మొదటిసారి ఇచ్చారు. ఏ అవార్డుకైనా ముందు కావలసింది జరిగిన సంగతి ఒకటి. వరదలో పడవెక్కి వెళ్లి కాన్పు చేసింది, పగలూ రాత్రీ శిబిరం నడిపింది, ఫలానా తేదీ, ఫలానా ఊరు, పక్కన కలెక్టరు గారితో ఫొటో. అలాంటివాళ్లను తక్కువ చెయ్యడం లేదు, వాళ్లకు ఇవ్వాల్సిందే. టీచరమ్మ చేసే పని మాత్రం ఫొటోకు దొరకదు. దాని ఫలితం తేలేది ఆవిడ లేనిచోట, వేరేవాళ్ల చేతుల్లో. పైగా ఆ ఫలితం చాలాసార్లు ఏదో ఒకటి జరగకుండా ఉండటమే.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పల్లెల్లో గుర్రపు వాతం అంటారే, బీపీ పెరిగి చూలాలికి ఫిట్స్ రావడం, అలాంటి కేసు ఒకటి 108లో వచ్చింది. మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారు. మొదటి మోతాదు అయ్యాక నాలుగు గంటలకోసారి అయిదు గ్రాములు పిరుదు కండలోకి లోతుగా ఇవ్వాలి. అంటే అయిదు ఆంపుల్స్, పది మిల్లీలీటర్లు. ప్రాణం నిలబెట్టే మందు అదే, ఒంట్లో పేరుకుపోతే ఊపిరి ఆపే మందూ అదే. మూత్రంలోంచి బయటికి పోవాలి, కిడ్నీలు మొరాయిస్తే పోదు. అందుకని ప్రతి డోసుకు ముందు మూడు చూసుకోవాలి. మోకాలి కింద తడితే కాలు ఎగురుతోందా, నిమిషానికి పదహారుకు తగ్గకుండా ఊపిరి తీస్తోందా, గంటకు ముప్పై మిల్లీలీటర్లన్నా మూత్రం వస్తోందా. ఇది చదవని నర్సు ఉండదు, పరీక్షలో రాయని నర్సూ ఉండదు. రాత్రి రెండు గంటలకు, వార్డు మొత్తానికి తనొక్కతే ఉన్నప్పుడు, అటు చివరి మంచం దగ్గర ఎవరో సెలైన్ అయిపోయిందని కేకేస్తున్నప్పుడు, ఈ మూడూ చూసేవాళ్లు ఎందరన్నది వేరే లెక్క.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది కాంట్రాక్టు మీద చేరి ఏడాది తిరగని పిల్ల. మోకాలు తట్టే సుత్తి వార్డులో ఉండదు. ఉంటే గింటే పీజీ డాక్టర్ల కోటు జేబులో ఉంటుంది. సుత్తి లేదన్న వంక పెట్టకుండా స్టెతస్కోప్ బిళ్ల అంచుతో తట్టడం టీచరమ్మ అందరికీ నేర్పారు. తట్టే ముందు మోకాలి కింద చెయ్యి వేసి కాలు కాస్త ఎత్తి, పేషెంట్‌ను ఒళ్లు వదలమనాలి. బిగదీసుకున్న కాలు అబద్ధం చెబుతుందంటారు ఆవిడ. ఆ పిల్ల అలాగే తట్టింది. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. మంచం కింద వేలాడే మూత్రం సంచి టార్చి వేసి చూస్తే, నాలుగు గంటలకు నూట ఇరవై ఉండాల్సింది యాభై కూడా లేదు. పీజీకి ఫోన్ చేసింది. "టైమయింది కదా, ఇచ్చెయ్యండి" అని అవతల నిద్రమత్తు గొంతు. "ఇవ్వను సార్, మీరొచ్చి చూడండి" అంది. ఆయన వచ్చి చూశాడు. డోసు ఆపించి, విరుగుడుకు కాల్షియం గ్లూకోనేట్ పక్కన పెట్టించుకుని, తెల్లవార్లూ స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నాడు. పొద్దుటికి మూత్రం పెరిగింది, కాలు ఎగిరింది. తర్వాత ఆ తల్లి బిడ్డతో ఇంటికి వెళ్లింది.

పొద్దున నేను చార్జి తీసుకునేటప్పటికి కేస్‌షీట్‌లో ఒక్క ముక్క ఉంది, రెండు గంటల డోసు ఆపడమైనదని. ఇంకో ఆధారం మందుల స్టాక్ దగ్గర దొరికింది. రాత్రికి తీసినవాటిలో అయిదు ఆంపుల్స్ వెనక్కి వచ్చాయి. ముందు మూడూ చూసి, ఆ తర్వాతే ఆంపుల్ మెడ విరవాలన్నది టీచరమ్మ పెట్టిన నియమం. విరిచి సిరంజిలోకి లాగాక చూడబోతే, ఎలాగూ లాగేశాం కదా అని చెయ్యి ముందుకే పోతుందట. ఆ పిల్ల విరవలేదు. దరఖాస్తుకు జతపరచగల రుజువు నా దగ్గర ఆ పగలని గాజు ఆంపుల్స్ మాత్రమే.

ఆ రాత్రి టీచరమ్మ ఇంట్లో నిద్రపోతున్నారు. ఆ తల్లి ఆవిడను ఎన్నడూ చూడలేదు.

మరి ఆమెను బతికించింది ఎవరు? ఆ పిల్లను అడిగితే "మేడమ్ చెప్పినట్టు చేశానంతేనండీ" అంది. టీచరమ్మను అడిగితే "చెప్పడానికేం, ఎవరైనా చెబుతారు. చేసింది అది. దాని పేరు రాయండి" అన్నారు. ప్రొఫెసర్ గారు రౌండ్సులో పీజీ డాక్టరును మెచ్చుకున్నారు. ఆ తల్లి అత్తగారు మాత్రం తమ ఊరి అమ్మవారికి కోడిని మొక్కుకుంది.

మా నాన్న రిటైరయ్యాక రోజూ పొద్దున్నే గీత పైకి చదివేవారు. వినీ వినీ నాకూ కొంత ఒంటబట్టింది. పని చెయ్యి, ఫలం అడక్కు అన్న రెండో అధ్యాయం సంగతి అందరికీ తెలుసు. పద్దెనిమిదో అధ్యాయంలో ఇంకో లెక్క ఉంది, దాని జోలికి పెద్దగా ఎవరూ పోరు. ఏ పని కావాలన్నా అయిదు కారణాలు కలవాలంటాడు కృష్ణుడు. పనికి ఆధారమైన చోటు, చేసే మనిషి, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. ఇవన్నీ ఉండగా నేనే చేశానని అనుకునేవాడికి చూపు లేదంటాడు. ఆ రాత్రికి ఈ లెక్క వేసి చూశాను. చోటు ఆ శరీరం, ఆ మంచం. మనిషి ఆ పిల్ల. పనిముట్టు స్టెతస్కోప్ బిళ్ల. ప్రయత్నమంటే తట్టడం, టార్చి వెయ్యడం, ఫోన్‌లో ఇవ్వననడం. టీచరమ్మను ఎక్కడ వెయ్యాలి? కంటికి కనపడకుండా చేతిని నడిపించేదాన్ని దైవమంటే, ఆవిడను అయిదోదాంట్లో వెయ్యాల్సి వస్తుంది. వ్యాఖ్యానాలు రాసినవాళ్లు ఒప్పుకోరు, వాళ్లలో కొందరి లెక్కలో దైవమంటే కన్నుకూ చెవికీ అధిదేవతలైన సూర్యుడూ తక్కినవాళ్లూ. టీచరమ్మ అసలే ఒప్పుకోరు. ఆవిడ లూథరన్ చర్చి మనిషి, నన్ను దేవుణ్ణి చేశావేమిటని చీవాట్లు పెడతారు.

నాకు ఎక్కడ మండుతుందంటే, ఈ అయిదు కారణాల జ్ఞానం మాకు మంచి జరిగినప్పుడే గుర్తొస్తుంది. కేసు గట్టెక్కితే మా ఆసుపత్రిలో అందరం వేదాంతులమే. టీమ్ వర్క్ అంటాం, పైవాడి దయ అంటాం, ఆమె ఆయుష్షు గట్టిదంటాం. అదే ఆ పిల్ల మోకాలు తట్టకుండా మందు పొడిచేసి ఉంటే? కర్త ఎవరో తేల్చడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు. తేదీ, టైము, డ్యూటీ లిస్టు, సంతకం అరగంటలో టేబుల్ మీదికొస్తాయి. మెమో ఒక్క పేరు మీదే వెళుతుంది. వార్డులో సుత్తి లేదని, అన్ని మంచాలకూ ఒక్కతే ఉందని, నేర్పడానికి ఎవరికీ డ్యూటీ వెయ్యలేదని ఆ కాగితంలో ఎవరూ రాయరు. కీడుకు ఒక్కరే కర్త, మేలుకు ఊరంతా కర్త. గీతలో ఉన్నది ఇది కాదు. మన సౌకర్యానికి గీతను సగానికి మడిచి పెట్టుకున్నాం.

మర్నాడు టీ తాగేటప్పుడు మళ్లీ కదిపాను.

"దానం చేసేటప్పుడు బాకా ఊదించుకోవద్దన్నాడు ప్రభువు. కుడిచెయ్యి చేసేది ఎడమ చేతిక్కూడా తెలియకూడదన్నాడు. నువ్వు నాలుగు పేజీల బాకా పట్టుకొచ్చావు" అన్నారు టీచరమ్మ.

నేను చదివింది మిషన్ స్కూల్లో. "ఆ కొండమీది ప్రసంగంలోనే ఒక్క అధ్యాయం ముందు, దీపం వెలిగించాక ఎవరూ గంప కింద దాచరని కూడా ఉంది కదండీ" అన్నాను. మా నర్సులకు దీపం ఎంత పెద్ద గుర్తో తెలిసిందే. స్కూల్లో చేరాక దీపం పట్టించి ప్రతిజ్ఞ చేయిస్తారు. దాన్ని నైటింగేల్ ప్రతిజ్ఞ అంటారు గానీ రాసింది ఆవిడ కాదు, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రాశారు.

"ఉంది. ఆ వెలుగు చూసినవాళ్లు పరలోకంలో ఉన్న తండ్రిని మహిమపరచాలని కూడా ఉంది. దీపానికి శాలువా కప్పమని లేదమ్మాయ్. కప్పితే ఏమవుతుందో నీకే తెలుసు."

అందరూ నవ్వారు. వాదం నేనే ఓడిపోయాను. అయినా ఆ నవ్వు అయ్యాక నాకొకటి తట్టింది, ఇప్పటికీ దాని మీదే నిలబడి ఉన్నాను. ఆవిడ చెప్పిన మాటా, మా నాన్న చదివిన మాటా రెండూ చేసేవాళ్లను ఉద్దేశించినవి. ఫలం మీద ఆశ పెట్టుకోకు అని చెప్పింది అర్జునుడికి. అర్జునుడి వల్ల మేలు పొందినవాళ్లు మర్చిపోవచ్చని ఎవరికీ చెప్పలేదు. పెట్టిన చెయ్యి మర్చిపోవాలి, సరే. తిన్న చెయ్యి కూడా మర్చిపోవాలా? నిష్కామం టీచరమ్మ పాటించాల్సిన వ్రతం. ఆ వ్రతాన్ని చూపించి ఆసుపత్రి తన బాకీ ఎగ్గొడితే దాన్ని వేరే పేరుతో పిలవాలి.

మా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు అమెరికాలో ఉన్న ఒకమ్మాయి అక్కడి డైసీ అవార్డు గురించి ఫోన్‌లో చెప్పింది. 1999లో పాట్రిక్ బార్న్స్ అనే ముప్పైమూడేళ్ల యువకుడు రక్తానికి సంబంధించిన జబ్బుతో ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రులూ భార్యా దుఃఖంలో ఉండి కూడా, తమవాణ్ణి చూసుకున్న నర్సులకు కృతజ్ఞత ఎలా చెప్పాలా అని ఆలోచించి ఈ అవార్డు పెట్టారు. రోగులూ, వాళ్ల ఇళ్లవాళ్లూ, తోటివాళ్లూ పేరు పంపవచ్చు. అందుకున్నవాళ్లకు జింబాబ్వే శిల్పులు చెక్కిన చిన్న రాతిబొమ్మ ఇస్తారు. పాట్రిక్‌కు దాల్చినచెక్క రొట్టెలంటే ఇష్టమట, అవీ పంచుతారు. నేర్పే నర్సులకు అందులో వేరే విభాగం ఉంది.

నన్ను పట్టుకున్నది ఆ రొట్టెల సంగతి కాదు. ఆ కుటుంబానికి ఫలం దక్కలేదు. మనిషి పోయాడు. అయినా దండం పెట్టారు. ఫలానికి కట్టే వెల కాదన్నమాట అది, చేసిన తీరుకు పెట్టిన దండం. గీత చెప్పిన పనికి సరిపోయే మెప్పు ఏదైనా ఉంటే ఇలాగే ఉండాలనిపించింది. మన దరఖాస్తుల్లో మాత్రం మొదటి కాలమ్ నుంచి చివరి కాలమ్ దాకా అడిగేది ఫలమే, ఎంతమందికి టీకాలు, ఎన్ని కాన్పులు, ఎన్ని ప్రశంసాపత్రాలు. చేసేవాళ్లను ఫలం చూడొద్దంటాం, మెచ్చుకోవాల్సి వచ్చేసరికి ఫలం తప్ప ఇంకేదీ చూడం.

మెప్పుకు భయపడినవాళ్లలో నైటింగేలే మొదటిది. క్రిమియా యుద్ధంలో ఆవిడ చేసిన సేవకు గుర్తుగా 1855 నవంబరులో లండన్‌లో సభ పెట్టి ఒక నిధి మొదలుపెట్టారు. 40,000 పౌండ్లకు పైగా పోగైంది. 1856లో యుద్ధం ముగిసి ఇంటికి వచ్చేటప్పుడు, స్వాగతాలు తప్పించుకోవడానికి ఆవిడ మిస్ స్మిత్ అన్న పేరుతో ప్రయాణం చేసింది. మనిషి దొరకలేదు గానీ డబ్బు మిగిలింది. ఆ డబ్బుతోనే 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి తెరిచారు. అంటే ఇప్పటి నర్సింగ్ చదువుకు పునాది పడింది ఒకామె వద్దన్న సన్మానం మీద. ఆ సన్మానం హారంగానో వెండి పళ్లెంగానో మారి ఉంటే ఏ మ్యూజియంలోనో ఉండేది.

దీనికి ఇంకో పక్క ఉంది. ఆ బడికి నైటింగేల్ పేరు పెట్టారు, ఆవిడ ఎక్కువగా మంచం పట్టి ఇంట్లోంచే ఉత్తరాలు రాసేది. రోజూ వార్డులో నిలబడి ఆడపిల్లల్ని తిప్పింది మేట్రన్ సారా వార్డ్‌రోపర్. వైద్యుడి భార్య, భర్త పోయాక పిల్లల్ని పెంచుకోవడానికి ఉద్యోగంలో చేరిన మనిషి. తనకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, పనిలోనే నేర్చుకుంది. 1887 దాకా ఆవిడే మేట్రన్. ఆ పేరు మా నర్సుల్లో ఎంతమందికి తెలుసు? మన దగ్గర చూస్తే, గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి ఉంది. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో వచ్చి, 1898కి ఆసుపత్రి కట్టించింది. ఆ పేరు గోడ మీద ఉండటం న్యాయమే. టీచరమ్మ మేనత్త ఒకప్పుడు అక్కడ నర్సు. దుప్పటి మూల ఎలా మడవాలో, రోగిని నొప్పెట్టకుండా ఎలా తిప్పి పడుకోబెట్టాలో తనకు ఆ మేనత్త నులకమంచం మీద చూపించిందని టీచరమ్మ చెబుతారు. ఆ మేనత్తకు ఎవరు చూపించారో, వాళ్లకు ఎవరో. ఆ వరసకు గోడ ఉండదు.

పాత పుస్తకాల్లోనూ ఇంతే. చరకుడు వైద్యానికి నాలుగు కాళ్లు చెప్పాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉండాల్సినవి ఉపచారం తెలిసి ఉండటం, చేతి నేర్పు, రోగి మీద ప్రేమ, శుచి. బౌద్ధుల వినయ గ్రంథం మహావగ్గలో మంచి పరిచారకుడికి అయిదు లక్షణాలున్నాయి. మందు సిద్ధం చెయ్యడం రావాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, ఆశతో కాక కరుణతో చెయ్యాలి, మలమూత్రాలూ వాంతులూ ఎత్తడానికి రోత పడకూడదు, ధర్మబోధతో రోగికి ఉల్లాసం కలిగించాలి. రెండువేల ఏళ్లు దాటినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అయితే ఇంకొకరికి నేర్పగలగాలి అన్నది రెండు జాబితాల్లోనూ లేదు. తెలిసి ఉండాలి అన్నదాంట్లో అది దాక్కుంది. ఎవరో చెబితేనే కదా తెలిసేది!

జాబితాలో లేకపోయినా ఆ అయిదు లక్షణాల ముందున్న కథలో ఉంది. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకుని తన మలంలోనే పడి ఉంటాడు. ఇతను ఎవరికీ ఏ సాయమూ చేసేవాడు కాదు, అందుకే మేం చూడలేదంటారు తోటి భిక్షువులు. బుద్ధుడు వాళ్లను అడిగేది తర్వాత. ముందు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మంటాడు. తాను పోస్తుంటే ఆనందుడు కడుగుతాడు. తలవైపు తాను, కాళ్లవైపు ఆనందుడు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. అదంతా అయ్యాకే భిక్షువులందర్నీ పిలిచి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, మీలో మీరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడుగుతాడు. నన్ను సేవించాలనుకునేవాడు రోగిని సేవించాలని అప్పుడు చెబుతాడు. అమరావతి స్తూపం దగ్గర పుట్టి పెరిగినదాన్ని, బుద్ధుడంటే కళ్లు మూసుకున్న విగ్రహమే గుర్తొచ్చేది. ఈ కథ తెలిశాక చేతులు తడిసిన మనిషి గుర్తొస్తున్నాడు. చెయ్యి ముందు, మాట తర్వాత. వార్డులో నేర్పడం తెలిసినవాళ్లు ఎవరైనా ఆ వరసే పాటిస్తారు.

టీచరమ్మ పాటించేదీ అదే. మా టీపీఆర్ చార్టుల్లో ఒక పాత జబ్బుంది. జ్వరం చూసి రాస్తారు, నాడి చూసి రాస్తారు, ఊపిరి మాత్రం ఎవరూ లెక్కపెట్టరు, వరసగా ఇరవై, ఇరవై, ఇరవై అని దించుకుంటూ పోతారు. వార్డులో అందరూ ఒక్క తాళానికి ఊపిరి తీస్తున్నట్టు! మనిషి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు అన్నిటికంటే ముందు మారేది ఆ అంకే. ఒకసారి మగవాళ్ల వార్డులో ఒక కొత్త పిల్ల అలాగే రాస్తే, నేనైతే పేషెంట్ల ముందే దులిపేసేదాన్ని. టీచరమ్మ ఏమీ అనలేదు. ఆ పిల్లను వెంటబెట్టుకుని ఒక ముసలాయన మంచం దగ్గరికి వెళ్లారు. నాడి చూస్తున్నట్టు ఆయన మణికట్టు పట్టుకుని, ఆ చేతిని ఆయన ఛాతీ మీదే ఆనించి ఉంచారు. మనం ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు, అందుకు ఈ యుక్తి. రెండో చేత్తో ఆ పిల్ల చేతిని తీసుకుని అక్కడే పెట్టించారు. గోడ గడియారం వైపు చూడమని కళ్లతో సైగ చేశారు. నిమిషం గడిచింది. "ఎన్ని?" "ముప్పై రెండు మేడమ్." "చార్టులో?" ఆ పిల్ల చార్టు వైపు చూడలేదు. "పద, డాక్టరు గారికి చెబుదాం" అని భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లారు. అదే పిల్ల తర్వాత ఒక రాత్రి మోకాలు తట్టింది.

ఇలాంటిది ఏ కాలమ్‌లో రాయాలి? తైత్తిరీయ ఉపనిషత్తు శీక్షావల్లిలో గురువును ముందరి అక్షరంగా, శిష్యుణ్ణి తర్వాతి అక్షరంగా చూపించి, విద్య ఆ ఇద్దరూ కలిసే చోట ఉందంటుంది. ముసలాయన ఛాతీ మీద ఒకదానిమీద ఒకటి ఉన్న ఆ రెండు చేతుల్ని చూసినదాన్ని కాబట్టి నాకు దానికి భాష్యం అక్కర్లేకపోయింది. ఆ పిల్లా టీచరమ్మా నేను కాదంటే నేను కాదని ఎందుకు తోసుకున్నారో కూడా అప్పుడు అర్థమైంది. ఇద్దరూ నిజమే చెప్పారు. అది ఏ ఒక్కరి దగ్గరా లేదు.

మెచ్చుకోవడంలో ఇంకో మోసం ఉంది, దేవతల్ని చెయ్యడం. ప్రతి ఏడూ మే 12న, నైటింగేల్ పుట్టినరోజున, వేదిక మీద మమ్మల్ని దేవతలంటారు, తెల్లచీర కట్టిన అమ్మలంటారు. 2020 మే 3న దేశంలో చాలా ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు కురిపించారు. టీవీలో అది చూస్తూ టీచరమ్మ, "ఆ పూలు ఊడ్చేది ఎవరమ్మా?" అని అడిగారు. దేవతకు జీతం అడిగే పని లేదు, డ్యూటీ గంటలు లెక్కపెట్టే పని లేదు, నేర్చుకోవాల్సిన పనీ లేదు, పుట్టుకతోనే అన్నీ వచ్చు. నర్సును దేవతంటే, ఆమెకు ఎవరో ఓపిగ్గా పని నేర్పారన్న సంగతి మాయమైపోతుంది. నేర్పినామె అవసరమే లేకుండా పోతుంది. దండం పెట్టి తప్పించుకోవడమంటే ఇదే. తిట్టేవాళ్లే నయం, కనీసం మనుషులమని ఒప్పుకుంటారు.

చివరికి ఆవిడ సంతకం పెట్టలేదు, గడువు దాటింది. మా ఆసుపత్రి నుంచి వేరే ఆవిడ దరఖాస్తు వెళ్లింది. ఆవిడా కష్టపడే మనిషే, వస్తే సంతోషిస్తాను. నాకు మాత్రం బాకీ బాకీలాగే ఉండిపోయింది. మనిషి మూడు అప్పులతో పుడతాడన్నారు పెద్దలు, దేవతలకు, ఋషులకు, పితరులకు. ఋషులకు ఉన్న అప్పు శాలువాలతోనూ దక్షిణలతోనూ తీరేది కాదు. చదువుకుని, నేర్చుకున్నది ఇంకొకరికి చెబితేనే తీరుతుంది. అప్పిచ్చినవాళ్ల చేతికి తిరిగివ్వడానికి వీల్లేని అప్పు, వెనక వచ్చేవాళ్లకే కట్టాలి. టీచరమ్మ డ్యూటీ దిగాక ఆగే ఆ అరగంటలో కట్టింది తన మేనత్త బాకీ అనుకుంటాను. అయితే ఆవిడ దాన్ని సొంత టైములో, ఆకలి కడుపుతో కట్టారు. ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలకు చిన్న బిడ్డలున్నారు, అందుకోవాల్సిన బస్సులున్నాయి. వాళ్లనూ అలాగే కట్టమనడం న్యాయం కాదు. త్యాగం చేసే మనిషి దొరికినంతకాలం ఆసుపత్రికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రెండేళ్లలో ఆవిడ రిటైరవుతున్నారు.

హెడ్ నర్సుగా నా చేతిలో ఉన్నది మా వార్డు డ్యూటీ లిస్టు ఒక్కటే. పోయిన నెల నుంచి అందులో మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ ఒక గంట గీత గీసి, బోధన అని రాస్తున్నాను. ఆ గంటలో ఎవరు నేర్పుతారో, ఎవరు నేర్చుకుంటారో, ఏ పనో పేర్లతో సహా రాసి, ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తున్నాను. ఆ గంట వాళ్ల డ్యూటీలోదే. మొదటి పేరు మోకాలు తట్టిన పిల్లది. తను నేర్పేటప్పుడు టీచరమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసి, చాలా గబగబా చెబుతోందని నాతో ఫిర్యాదు చేసి వెళ్లారు.

సూపరింటెండెంట్ మేడమ్ లిస్టు చూసి పిలిపించారు. బోధన అనే డ్యూటీ రూల్స్‌లో ఎక్కడుంది, రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెబుతావని అడిగారు. "అడగనివ్వండి మేడమ్. కాగితం మీద అడిగితే ఇంకా మంచిది. నేనూ కాగితం మీదే జవాబిస్తాను, రెండూ ఫైల్లో ఉంటాయి" అన్నాను.